పాదం నుంచి పెడల్ దాకా

ప్రశ్న: పోటీ పరీక్ష కోసం రోజుకు 20 ఇంగ్లిష్ మాటలు అర్థాలతో సహా రాసుకుని బట్టీ పడుతున్నాను. వారం తిరిగేసరికి నాలుగైదు కూడా గుర్తుండటం లేదు, టెన్షన్‌గా ఉంది. వేరే దారి ఏమైనా ఉందా?

జవాబు: లోపం మీ జ్ఞాపకశక్తిలో లేదండీ. ఒకదానితో ఒకటి చుట్టరికం లేని 20 మాటల్ని వరసపెట్టి మింగితే ఎవరికైనా అంతే. చుట్టాలన్నిటినీ ఒకే పేజీలో కూర్చోబెట్టండి. లాటిన్‌లో 'స్పెక్' అంటే చూడటం. లోపలికి చూస్తే ఇన్‌స్పెక్ట్, ముందుకు చూస్తే ప్రాస్పెక్ట్, వెనక్కి చూసుకుంటే రెట్రోస్పెక్ట్, తలెత్తకుండా కింది నుంచి ఓరగా చూస్తే సస్పెక్ట్, అంటే అనుమానించడం. కళ్లజోడు స్పెక్టకిల్స్ కూడా ఈ ఇంటిదే.

మీరిప్పుడు రాయబోయే పరీక్షకు మీరు క్యాండిడేట్ కదా, ఆ మాటే చూడండి. పాత రోమ్‌లో పదవికి పోటీపడేవాళ్లు సుద్ద పూసి తెల్లగా మెరిపించిన అంగీ వేసుకుని జనంలో తిరిగేవాళ్లు. 'క్యాండిడస్' అంటే మెరిసే తెలుపు. మనసులో ఏదీ దాచుకోకుండా మాట్లాడటాన్ని క్యాండిడ్ అనడం కూడా ఆ తెలుపులోంచి వచ్చిందే. ఇది ఒకసారి కళ్లముందు కనబడితే మళ్లీ బట్టీ పట్టక్కర్లేదు.

తెలుగువాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది, దాన్ని మనం దాదాపు వాడుకోవడం లేదని నా బాధ. పాదం–పెడల్, దంతం–డెంటిస్ట్, దశ (పది)–డెసిమల్, నామం–నేమ్. తెలుగు వేరే కుటుంబానిదే అయినా సంస్కృతం నుంచి ఈ మాటల్ని తెచ్చుకున్నాం, ఆ సంస్కృతానికీ గ్రీకు, లాటిన్‌లకూ మూలం ఒకటే అయి ఉండాలని భాషాపండితుడు విలియం జోన్స్ 1786లోనే కలకత్తాలో చెప్పారు. ఇంగ్లిష్‌దీ ఆ కుటుంబమే.

ఒక్క జాగ్రత్త. పోలిక చూసి మోసపోకండి. పెడెస్ట్రియన్‌లో ఉన్నది పాదమే గానీ పీడియాట్రీషియన్‌లో ఉన్నది గ్రీకు 'పిల్లవాడు'. అర్థాలూ మారిపోతుంటాయి, నైస్ అనే మాట లాటిన్‌లో 'ఏమీ తెలియనివాడు' అనే అర్థంతో మొదలైంది. అందుకని మూలాన్ని గుర్తుపెట్టుకోవడానికి వాడండి, ఇవాళ్టి అర్థం మాత్రం డిక్షనరీలో చూసి, మీ సొంత వాక్యం ఒకటి పక్కన రాసుకోండి.

ప్రశ్న: రోమ్ సైనికులకు జీతంగా ఉప్పు ఇచ్చేవాళ్లనీ, శాలరీ అలా పుట్టిందనీ అంటారు. నిజమేనా?

జవాబు: సగమే నిజం. లాటిన్ 'సలారియమ్' ఉప్పు అనే మాట నుంచి వచ్చిందే. జీతాన్ని ఉప్పుగా కొలిచి ఇచ్చారనడానికి మాత్రం గట్టి ఆధారం లేదు.

ప్రశ్న: తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లిన మాట ఒక్కటైనా ఉందా?

జవాబు: ఎందుకు లేదు, బ్యాండికూట్ మన పందికొక్కే! ముందు ఆ పెద్ద ఎలుకకే వాడారు, తర్వాత ఆస్ట్రేలియాలో కాస్త అలాగే కనిపించిన, పిల్లల్ని సంచిలో మోసే వేరే జంతువుకి కూడా ఇంగ్లిష్‌వాళ్లు అదే పేరు పెట్టేశారు.