స్ట్రాడ్‌ది ఏ ఊరు? మేనల్లుడికి మామయ్య లేఖ

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. నువ్వు నడిపిస్తున్న డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో, వచ్చే సెషన్‌లో పిశాచ దొర స్ట్రాడ్ ఉండే రేవన్‌లాఫ్ట్ కోటలో విందు పెడుతున్నావు. పాలడిన్, అంటే దేవుడి పేరున పోరాడే యోధురాలి పాత్ర, ఆడే అమ్మాయేమో స్ట్రాడ్‌ని ముఖం మీదే "ఇంతకీ మీదే ఊరు?" అని అడుగుతానని ముందే చెప్పేసింది. ఏం చెప్పాలో తెలియక నీకు టెన్షన్. పెళ్లి భోజనాల దగ్గర పక్క కుర్చీ ఆయన్ని కూడా మనవాళ్లు ముందు అడిగేది అదే కదా. రక్తం తాగే దొర అయినంత మాత్రాన వదిలేస్తారా?

నువ్వు రాత్రంతా కూర్చుని, ఆ ఆట లోకాల్లో స్ట్రాడ్‌ది ఫేరూనా, ఓర్తా, క్రిన్నా అని తేల్చే పని మాత్రం పెట్టుకోకు. ఆ దారిలో ఎంత తవ్వినా చేతికి వచ్చేది ఒక పేరు. పేరు చెప్పగానే ప్లేయర్లు "ఓహో" అంటారు, కథ అక్కడితో సరి. నీకు కావలసింది పేరు కాదు. ఈ మనిషి ఇక్కడివాడు కాడన్న సంగతి. దానికి ఆధారం పుస్తకంలోనే ఉంది.

1983 నాటి మొదటి మాడ్యూల్‌లోనే, అంటే ఆట నడిపేవాళ్ల కోసం రాసిన కథ పుస్తకంలోనే, స్ట్రాడ్ డైరీ ఉంది. ట్రేసీ హిక్మన్, లారా హిక్మన్ దంపతులు రాసింది. ఆ పేజీ ఈసారి ప్లేయర్లకు చదివి వినిపించే ధోరణిలో కాకుండా, దస్తావేజు చదివే వకీలులా చదువు. తన మొదలు ఎక్కడో చీకట్లో కలిసిపోయిందంటాడు. ఏళ్ల తరబడి యుద్ధాలు చేశానంటాడు. చివరికి తన సైన్యం బరోవియా లోయలో దిగి, అక్కడి జనం మీద అధికారం చేజిక్కించుకుందంటాడు. తర్వాతే తన కుటుంబాన్ని పిలిపించుకుంటాడు. ఆ కుటుంబం ఎలాంటిదో కూడా చెప్తాడు: ఎప్పుడో తమ పాత సింహాసనాలు పోగొట్టుకున్నవాళ్లు.

ఇదే డైరీ మొదట్లో "నేనే ఈ నేల" అని గొప్పలు పోతాడు చూడు. కొద్ది వాక్యాలు దాటాక, బయటి నుంచి సైన్యంతో వచ్చి ఈ నేలను లాక్కున్నానని తన చేతితో తానే రాసుకున్నాడు. లోయకు బరోవియా అన్న పేరు వాళ్ల నాన్న బరోవ్‌ది. కోటకు రేవన్‌లాఫ్ట్ అన్న పేరు వాళ్లమ్మ రవెనోవియాది. రాజు బరోవ్, రాణి రవెనోవియా సమాధి కూడా ఆ కోట కిందనే ఉంది. తల్లిదండ్రుల్ని కొత్త చోట పూడ్చుకున్నవాడికి వెనక్కి వెళ్లే ఆలోచన లేదని అర్థం. అసలు వెళ్లడానికి అక్కడ ఏమీ మిగల్లేదేమో కూడా.

ఇలాంటి వంశాలు ఎలా ఉంటాయో ఊహించడానికి నువ్వు రొమేనియా మ్యాప్ తిరగేయక్కర్లేదు. గోల్కొండ పక్కన ఇబ్రహీంబాగ్ సమాధుల దగ్గరికి ఒక పొద్దున వెళ్లిరా. సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ వైపు వాడు, కారా కొయున్లు తుర్కమాన్ వంశం. అక్కడ ఆక్ కొయున్లు వాళ్లది పైచేయి అయ్యాక అతను దక్కన్ చేరి బహమనీల కొలువులో ఎదిగాడు. 1518 నాటికి గోల్కొండలో సొంత రాజ్యం నిలబెట్టుకున్నాడు. సింహాసనం పోయిన వంశం, పరాయి దేశం, కొత్త కోట. అక్షరాలా స్ట్రాడ్ డైరీలోని వరసే. 1543లో ముసలి కులీ హత్య వెనక ఉన్నది సొంత కొడుకు జంషీద్ అంటారు. అంటే ఇంటి రక్తం కూడా ఉంది.

తేడా ఎక్కడంటే, ఆ వంశంలోనే ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవుల్ని ఆదరించాడు. మనవాళ్లు అతన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. వచ్చిన నేల అతన్ని కలుపుకుంది, అతనూ కలిశాడు. స్ట్రాడ్ కలవలేదు. నేలకు తండ్రి పేరు పెట్టాడే తప్ప, నేల తనకో పేరు పెట్టేంత దగ్గరికి రానివ్వలేదు. నీ విందు సెషన్ రాసుకునేటప్పుడు ఈ ఒక్క తేడా దగ్గర పెట్టుకో. అతని మాట, మర్యాద, వడ్డించే వంట, గోడ మీద బొమ్మలు, అన్నీ ఊళ్లో జనానికి తెలియని పద్ధతిలో ఉండాలి. ఊళ్లో వాళ్లకు క్యాబేజీ, ముల్లంగి. ఇక్కడేమో వడ్డించే క్రమమే వేరు. ఎవరైనా ముందు తప్పు చెంచా తీస్తే దొర కనుబొమ్మ పైకి లేవాలి.

లెక్కల్లో నాకు భలే నచ్చేది ఒకటుంది. పాత సెట్టింగ్ పుస్తకాల ప్రకారం తమ్ముడు సెర్గీని చంపి, స్ట్రాడ్ పిశాచమైన ఆ తమ్ముడి పెళ్లిరోజు బరోవియా క్యాలెండర్‌లో 351వ సంవత్సరం. 2016 నాటి కొత్త పుస్తకం 'కర్స్ ఆఫ్ స్ట్రాడ్'లో కథ 735లో నడుస్తుంది. సరే. 351 నాటికి స్ట్రాడ్ యవ్వనం దాటిపోయిన మనిషి, అతని దిగులంతా అదే కదా. మరి ఆ లెక్క మొదలైంది ఎప్పుడు? అతను పుట్టడానికి దాదాపు మూడొందల ఏళ్ల ముందు! అది లోయ జనం లెక్కా, స్ట్రాడ్ వాళ్ల జరోవిచ్ వంశం వెంట తెచ్చుకున్న లెక్కా? నేనైతే వంశానిదే అంటాను. పట్టాభిషేకమో, యుద్ధంలో గెలుపో, అసలు రాజ్యంలో జరిగిన ఏదో పెద్ద సంగతి నుంచి లెక్కపెడుతున్నారు. ఆ సంగతేమిటో మర్చిపోయిన జనం ఇంకా ఆ సంఖ్యనే తలుపుల మీద చెక్కుకుంటున్నారు. ఇది నా ఊహ, పుస్తకంలో ఉండదు. నీకు నచ్చితే వాడుకో.

ఇప్పుడు మీ పాలడిన్ సంగతి. ఆమె ఫేరూన్‌లోని ఉదయ దేవుడు లథాండర్ భక్తురాలు అన్నావు. బరోవియాలో మార్నింగ్‌లార్డ్ అనే ఉదయ దేవుడి గుడి చూడగానే "ఇది మా దేవుడే, కాబట్టి స్ట్రాడ్ మా ఫేరూన్ వాడే" అని ఎగిరి గంతేస్తుంది, చూస్తూ ఉండు. తొందరపడి ఔననకు. 1991లో క్రిస్టీ గోల్డెన్ రాసిన నవలలో ఫేరూన్ నుంచి జాండర్ సన్‌స్టార్ అనే ఎల్ఫ్ పిశాచం బరోవియాకు వస్తాడు. ఆ నవల లెక్కలో ఆ మతం అక్కడ పుట్టడానికి కారణం అతని రాకే, స్ట్రాడ్ కాదు. బరోవియాను చుట్టుకున్న మాయ పొగమంచు ఎక్కడెక్కడి వాళ్లనో లాక్కొస్తుంది. కొత్త పుస్తకంలో గ్రేహాక్ లోకపు మాంత్రికుడు మార్డెన్‌కైనెన్ కూడా మతి చెడి అదే లోయలో తిరుగుతుంటాడు. వచ్చినవాళ్ల ఊరిని బట్టి దొర ఊరు తేల్చడం కుదరదు. ఆమె ఆ పొరపాటు పడితే పడనీ, ఆటకు మంచిదే.

ఆ పొగమంచులో చిక్కిన మిగతా చీకటి దొరల సంగతి వేరు. అజాలిన్‌ది ఓర్త్, లార్డ్ సోత్‌ది క్రిన్, అనుమానం లేదు. స్ట్రాడ్‌కి మాత్రం ఆ చీటీ లేదు. 1983లో బరోవియా ఏ లోకంలోనైనా ఇమిడే ఒక లోయ, అంతే. దాన్ని విడిగా పొగమంచు లోకం చేసింది 1990 నాటి పెట్టె సెట్టు. 1993లో ఎల్‌రాడ్ నవల టెర్గ్‌లనే శత్రువుల్ని తెచ్చింది. ఈ పొరలన్నీ ఒకే కుండలో వేసి కలపకు. ఒక పొర ఎంచుకో. నువ్వు 2016 పుస్తకం ఆడిస్తున్నావు కాబట్టి అదే నీ సాక్ష్యం, మిగతావన్నీ ఊళ్లో పుకార్లు. సెర్గీ, టట్యానా, "వాన్" లాంటి పేర్లను పట్టుకుని తూర్పు యూరప్ అంటారు కొందరు. అది రచయితలు పూసిన రంగు, సాక్ష్యం కాదు.

టేబుల్ మీద ఎలా పెట్టాలంటావా, నాణెంతో పెట్టు. కొత్త పుస్తకంలో బరోవియా ఎలక్ట్రమ్ (వెండి, బంగారం కలిసిన లోహం) నాణేల మీద స్ట్రాడ్ ముఖం ఉంటుంది. ఆ లోయలోని వల్లాకి ఊళ్లో చిల్లర ఇచ్చేటప్పుడు దుకాణంవాడు వాటి మధ్య ఒక వేరే నాణెం ఇస్తాడు. కాస్త పెద్దది, అంచులు అరిగిపోయి ఉంటాయి, మీద గడ్డం ఉన్న ముసలి ముఖం. చుట్టూ అక్షరాలుంటాయి గానీ, ఊరి పేరు ఉండాల్సిన చోట ఎవరో కత్తిమొనతో గీకేశారు. గీత లోతుగా, జాగ్రత్తగా, ఒకే చేతివాటంతో ఉంటుంది. ఇలాంటివి ఇంకొకటి రెండు దొరికాక, అన్నిటి మీదా అదే గీత అని వాళ్లే కనిపెడతారు. నువ్వు నోరు విప్పకు.

ఇక విందులో ఆ అమ్మాయి అడిగినప్పుడు స్ట్రాడ్ కోప్పడకూడదు. "నేనే ఈ నేల" అని అలవాటుగా అనాలి. అప్పుడు ఆమె నాణెం తీసి బల్ల మీద పెడితే, మరి పెడుతుంది కూడా, అతను గ్లాసు దించి ఆ రాత్రి మొదటిసారి ఆమెను పేరు పెట్టి పిలవాలి. "ఇది నీకు ఎవరిచ్చారు?" అంతే. ఊరి పేరు చెప్పడు. మర్నాడు వల్లాకిలో ఆ దుకాణం తలుపు తెరుచుకోదు. పాలడిన్ అంటే బాధ్యత మీద వేసుకునే మనిషి కదా, అక్కడి నుంచి కథను ఆమే లాక్కుపోతుంది.

నీకు కూడా ఆ పేరు తెలియాలా అంటే, తెలియాలి. ఒక చీటీ మీద రాసి నీ స్క్రీన్ వెనక పెట్టుకో. ఎంత మొత్తుకున్నా చూపించకు. రాసి పెట్టుకుంటే దొర గొంతులో తడబాటు ఉండదు, ప్లేయర్లు అది పసిగడతారు.

నాణేనికి పనికొచ్చే ఇత్తడి బిళ్లలు నా దగ్గర ఉన్నాయి, అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల కోసం తిరిగినప్పుడు పేవ్‌మెంట్ మీద కొన్నవి. శనివారం లోపు ఇంటికి వస్తే ఇస్తాను. గీయడానికి కాంపాస్ ముల్లు తెచ్చుకో. అత్తయ్య కూడా నిన్ను చూసి చాలా రోజులైందని అడుగుతోంది.

మీ మామయ్య