వాగులున్నా బంగారు కప్పలు ఎందుకు లేవు?

ప్రశ్న: పనామా దేశపు బంగారు కప్ప అడవిలో కనిపించకుండా పోయిందనీ, జంతు ప్రదర్శనశాలల్లో మాత్రం వందలాదిగా పెరుగుతోందనీ చదివాను. అక్కడి అడవులు నరికేశారా? పెంచిన కప్పలను తీసుకువెళ్లి మళ్లీ ఆ వాగుల్లోనే వదిలితే సరిపోదా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అడవుల నరికివేత, అమ్మకానికి పట్టుకుపోవడం ఈ జాతికి చేటు చేసిన మాట నిజమే గానీ, దాన్ని తుడిచిపెట్టినవి అవి కావు. ఈ కప్పల సొంతచోటైన, పనామాలోని ఎల్ వాయె పట్టణం చుట్టూ కొండవాగులు ఇప్పటికీ పారుతున్నాయి. 2006 ప్రాంతంలో అక్కడికి చేరిన కైట్రిడ్ అనే శిలీంధ్రం కొద్దికాలంలోనే వాటి ఒడ్డులను ఖాళీ చేసింది. అడవిలో ఈ కప్ప చివరిసారి నమోదైంది 2009లో.

నిజానికి ఇది గోదురుకప్పల కుటుంబానికి చెందిన ప్రాణి. పసుపు ఒంటిపై నల్ల మచ్చలతో పగటిపూటే తిరుగుతుంది. గుడ్లను వాగు నీటిలో పొడవాటి పేటలుగా పెడుతుంది. వాటి నుంచి వచ్చే తోకకప్పలు ప్రవాహానికి కొట్టుకుపోకుండా పొట్ట కింది చూషకంతో రాళ్లను అంటిపెట్టుకుని ఉంటాయి. నీటి హోరులో అరుపు వినబడదు కాబట్టి కాబోలు, ఈ కప్పలు ముందుకాలు ఎత్తి ఊపుతూ ఒకదానికొకటి సైగలు చేసుకుంటాయి. చల్లగా, తడిగా ఉండే ఈ చోటే శిలీంధ్రానికీ నచ్చుతుంది. 17 నుంచి 25 డిగ్రీల మధ్య అది బాగా పెరుగుతుంది, తోక ఉన్న దాని సూక్ష్మ బీజాలు నీటిలో ఈదుకుంటూ పోయి కప్ప చర్మంలో చేరతాయి. కప్ప చర్మం ద్వారానే సోడియం, పొటాషియం వంటి లవణాలను సమతూకంలో ఉంచుకుంటుంది గనుక, చర్మం పాడైతే చివరికి గుండె ఆగిపోతుంది.

వ్యాధి వస్తోందని ముందే గ్రహించిన సంరక్షకులు కొన్ని కప్పలను పట్టి, కప్పల సంరక్షణ కేంద్రం భవనం సిద్ధమయ్యేదాకా ఎల్ వాయెలోని ఒక హోటల్ గదుల్లో ఉంచారు. అంతకు కొన్నేళ్ల ముందే అమెరికాకు తరలించినవాటి సంతానం అక్కడి జంతు ప్రదర్శనశాలల్లో ఉంది. అయితే వదిలిపెట్టడం మీరు అనుకున్నంత తేలిక కాదు. శిలీంధ్రం ఆ వాగులను విడిచిపోలేదు. అడవిలో ఈ కప్పను వేటాడే జంతువుల నుంచి కాపాడే, దాని చర్మంలోని తీవ్రమైన విషం బందీగా పెరిగిన వాటిలో కనబడదు. శిలీంధ్రాన్ని అణచే బాక్టీరియాను వాటి చర్మంపై నిలపాలని చేసిన ప్రయత్నమూ ఫలించలేదు. 2018లో వెలువడిన ఒక అధ్యయనం మాత్రం, పనామాలో కొన్ని కప్ప జాతులు తిరిగి కోలుకుంటున్నాయనీ, శిలీంధ్రం బలహీనపడకపోయినా బతికిన కప్పల చర్మ స్రావాలు దాన్ని మెరుగ్గా ఎదుర్కొంటున్నాయనీ చూపింది. నా దృష్టిలో కీలకమైన చిక్కు ఇదే: ఏ వ్యాధికి అలవాటుపడితే బతకగలవో, ఆ వ్యాధి సోకకుండానే ప్రదర్శనశాలల్లోని కప్పలను తరతరాలుగా కాపాడుతున్నాం. అందుకే ముందుగా దగ్గరి బంధువైన వేరియస్ జాతి కప్పలను 2018లో సుమారు 500 వదిలి, కొన్నింటికి రేడియో పరికరాలు అమర్చి గమనించారు.

ప్రశ్న: ఈ శిలీంధ్రం మన దేశంలో ఉందా?
– ఒక పాఠకుడు, సత్తుపల్లి

జవాబు: ఉంది. పశ్చిమ కనుమల కప్పలపై దీన్ని గుర్తించారు. పనామాలో జరిగినటువంటి మూకుమ్మడి మరణాలు మాత్రం ఇక్కడ నమోదు కాలేదు. దీని పుట్టుక తూర్పు ఆసియాలోనేననీ, ఉభయచరాల వ్యాపారం దీన్ని ఖండాలు దాటించిందనీ జన్యు పరిశోధనలు సూచిస్తున్నాయి. కాబట్టి కొండవాగుల్లో తిరిగేవారు ఒక వాగు నుంచి మరో వాగుకు వెళ్లేముందు చెప్పులను కడిగి పూర్తిగా ఆరబెట్టుకోవాలి. ఒకచోట పట్టిన తోకకప్పలను మరోచోట వదలకూడదు.