గొడవ సీన్ అంటే అరవడమేనా? పాఠకుల ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: మాస్టారూ నమస్తే. నేను జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్ని, ఆదివారాలు మా మేడ మీద గదిలో ఓ 12 మందికి యాక్టింగ్ క్లాస్ నడుపుతున్నా. ఈ నెల జంటలుగా సినిమా సీన్లు చేయిద్దామని, ఇద్దరే ఉండే గొడవ సీన్ ఒకటి మీరే వెతుక్కుని తెచ్చుకోండి అన్నా. ఆరు జంటలూ ఆరు తెచ్చారు, అన్నీ అరుపులే. రెండో జంట అయ్యేసరికి కింద నుంచి ఓనర్ పైకొచ్చేశాడు. రెండు మూడు నిమిషాల్లో అయిపోయే మంచి సీన్లు ఎలా వెతకాలో చెప్తారా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: ముందు ఓనర్ గారికి నా సానుభూతి సార్. పిల్లల తప్పేం లేదు, మీరు గొడవ తెమ్మన్నారు, వాళ్లు గొడవే తెచ్చారు. మీరు తెమ్మనాల్సింది పేచీ. పేచీ అంటే ఏం లేదు, ఒకరికి ఎదుటి మనిషి దగ్గర్నుంచి ఏదో కావాలి, ఎదుటి మనిషి ఇవ్వడు, ఇవ్వకపోవడానికి అతని కారణం అతనికుంది. అది దొరికితే గొంతు ఎంత లేవాలో దానంతట అదే తెలుస్తుంది, ఒక్కోసారి అసలు లేవదు కూడా.

నేనైతే పిల్లలు ఏ సీన్ తెచ్చినా ఒకటే ప్రశ్న వేస్తా. వీళ్లిద్దర్లో ఒకళ్లు లేచి బయటికి పోవచ్చు కదా, ఎందుకు పోవట్లేదు? దీనికి జవాబు చెప్పలేకపోయారంటే ఆ సీన్ క్లాసుకి పనికిరాదు, సినిమాలో ఎంత సూపర్ హిట్టైనా సరే. హీరో విలన్‌కి వార్నింగ్ ఇచ్చే సీన్లన్నీ ఇక్కడే ఎగిరిపోతాయి, ఎందుకంటే అక్కడ హీరో చెప్పాల్సింది చెప్పేసి వెళ్లిపోతాడు, రెండోవాడికి కళ్లు పెద్దవి చెయ్యడం తప్ప పనేం ఉండదు. పాపం మీ క్లాసులో ఆ రెండోవాడు కూడా ఫీజు కట్టాడు కదా.

ఈ ప్రశ్నకి నాకు తెలిసి బెస్ట్ జవాబు సినిమాలో లేదు, మన పద్యనాటకంలో ఉంది. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను. చంద్రమతి చేతుల్లో కొడుకు శవం ఉంది, దహనం చెయ్యకుండా ఎక్కడికి పోతుంది? హరిశ్చంద్రుడు వీరబాహుకి అమ్ముడుపోయిన కాటికాపరి, కాటిసుంకం తీసుకోకుండా ఎలా ఒప్పుకుంటాడు? ఆమె దగ్గర పైసా లేదు. ఇద్దరిదీ న్యాయమే, ఇద్దరూ కదల్లేరు, పైగా ఇద్దరూ మొగుడూ పెళ్లాలన్న సంగతి మెడలో మంగళసూత్రం మాట వచ్చేదాకా బయటపడదు. ఊళ్లలో జనం తెల్లార్లూ కూర్చుని చూసింది పద్యాల కోసమే అంటారు గానీ నేనొప్పుకోను, ఆ ముడి ఎలా విడుతుందా అని కూడా కూర్చున్నారు. పద్యాలు తీసేసి మామూలు మాటల్లో ఒకసారి చేయించి చూడండి, పిల్లలు బిత్తరపోతారు.

ఇక సినిమాలకొద్దాం. స్వర్ణకమలం (1988) మా క్లాసులో ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. వెంకటేష్ పాత్రకి ఆ అమ్మాయి నాట్యం చెయ్యాలి, భానుప్రియ పాత్రకి ఆ నాట్యమే వద్దు, అందరిలాగా హాయిగా బతకాలి, హోటల్లో ఉద్యోగం చాలు. వాళ్లిద్దరి మధ్య ఏ చిన్న సీన్ తీసుకున్నా చూస్తున్న క్లాసు రెండు ముక్కలైపోతుంది, సగం మంది అతను కరెక్ట్ అంటారు, సగం మంది అసలు నీకెందుకయ్యా ఆ పిల్ల గొడవ అంటారు. సీన్ అయ్యాక పదినిమిషాలు కొట్టుకున్నారంటే అది మంచి సీన్ అన్నట్టే. మిస్టర్ పెళ్ళాం (1993) కూడా అంతే, ఉద్యోగం పోయి మొగుడు ఇంట్లో, పెళ్లాం ఆఫీసుకి, రాజేంద్రప్రసాద్, ఆమని. అక్కడ ఇద్దరూ మాట్లాడేది ఒకటి, లోపల మండేది ఇంకొకటి, నేర్చుకునేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి. నవ్వించే పేచీ కూడా ఒకటి ఉండాలి లేకపోతే ఆరు జంటలు చూసేసరికి మీకే తలనొప్పి. దానికి మిడిల్ క్లాస్ మెలోడీస్ (2020)లో తండ్రీకొడుకులు చాలు, కొడుకు గుంటూరులో హోటల్ పెడతానంటాడు, తండ్రి నోటికి అడ్డూ ఆపూ ఉండదు, అంత తిట్టినా ప్రేమ కనపడుతూనే ఉంటుంది.

బొమ్మరిల్లు (2006) క్లైమాక్స్ ఖచ్చితంగా ఎవరో ఒకరు తెస్తారు, తెచ్చే ఉంటారు. చుట్టూ ఇంట్లోవాళ్లున్నా అది తండ్రీకొడుకులిద్దరి సీనే. కానీ అబ్బాయిలందరూ కొడుకు డైలాగులు గడగడా అప్పజెప్పేసి చప్పట్ల కోసం చూస్తారు. వాళ్లకి తండ్రి వేషం ఇవ్వండి. అంతసేపు నోరు మూసుకుని, కొడుకు మాట ఒక్కొక్కటీ తగులుతుంటే నిలబడి వినడం, అదీ యాక్టింగ్ అంటే.

ఇక్కడే ఇంకో చిక్కుంది. పాపులర్ సీన్ అయితే పిల్లలు సీన్ చెయ్యరు, ఆ స్టార్‌ని చేస్తారు, అదే విరుపు, అదే గ్యాప్, చివరికి అదే దగ్గు. అందుకని నేనేం చేస్తానంటే సీన్ ఒక్కసారి చూపించి ఆపి ఆపి డైలాగులు వాళ్ల చేత్తోనే కాగితం మీద రాయిస్తా, పక్కన బ్రాకెట్లో "కోపంగా" "ఏడుస్తూ" లాంటివి ఒక్కటి కూడా రాయనివ్వను, ఆ తర్వాత రెండు వారాలు ఆ సినిమా చూడొద్దని ఒట్టేయించుకుంటా (చూస్తారనుకోండి, అయినా). మార్కెట్లో బాగా నలిగిన సీనైతే వేషాలు మార్చేస్తా, తండ్రి మాటలు తల్లికి, కొడుకువి కూతురికి. అప్పుడు కాపీ కొట్టడానికి ఎవరూ దొరకరు.

సైజు సంగతి. చేత్తో రాస్తే రెండు పేజీలు దాటొద్దు. సినిమా సీన్ మొదట్లో తలుపు తియ్యడాలు, కాఫీ ఇవ్వడాలు ఉంటాయి, అవన్నీ కోసేసి, మొదటాయన అడగాల్సింది అడిగే మాట దగ్గర మొదలుపెట్టండి, ఎవరిది పైచెయ్యో తారుమారయ్యాక ఆపెయ్యండి. తారుమారు అవ్వని సీన్ అయితే మూడు నిమిషాలు కూడా ముప్పై నిమిషాల్లా ఉంటుంది. మీ ఆరు జంటలకి ఒక్కోళ్లకి మూడు నిమిషాలు, మీరు చెప్పేది పది నిమిషాలు, మళ్లీ ఇంకోసారి మూడు నిమిషాలు, మొత్తం గంటా ముప్పై ఆరు నిమిషాలు, రెండు గంటల క్లాసులో మధ్యలో టీ కూడా పడుతుంది.

చెంపదెబ్బ ఉన్న సీన్లు మాత్రం మొదటి నెల్లో వద్దు. మా దగ్గర ఒకబ్బాయి మూడ్‌లోకెళ్లి నిజంగానే కొట్టేశాడు, రెండోవాడు మూడ్‌లోకెళ్లకుండానే తిరిగి కొట్టాడు. ఎక్కడ ముట్టుకోవచ్చో ఎక్కడ కూడదో ముందే ఇద్దరూ మాట్లాడుకోవాలని రూల్ పెట్టింది ఆ రోజు నుంచే.

ప్రశ్న: సార్ నమస్తే. మా యాక్టింగ్ క్లాసుల ఎప్పుడు ఇద్దరి సీన్ ఇచ్చినా నాకు ఏడ్సుడే ఇస్తరు. మొగోడు మాట్లాడుతడు, నేను ఏడుస్త, అయిపాయె. ఆడపిల్లకు గట్టి సీన్లు లేవా మన దగ్గర? ఇంకొకటి, నా యాస మార్చుకోవాల్నా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ఉన్నాయమ్మా, ఇచ్చేవాళ్లు వెతకట్లేదంతే. కన్యాశుల్కం చివర్లో మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులింటికి వెళ్తుంది చూడు, అది తీసుకో. ఆయనకి వేశ్యలంటే గిట్టదు, కానీ లుబ్ధావధాన్లుని కేసులోంచి బయటపడేసే సమాచారం ఈమె దగ్గరే ఉంది, దానికి ఆమె అడిగే ఖరీదు ఒక్క ముద్దు. ఆయన నీతి ఎంత గట్టిదో ఆయనకే పరీక్ష, నవ్విస్తూ నవ్విస్తూ ఊపిరాడనివ్వదు, చివరికి ఆ ముద్దు తనే వద్దంటుంది, చెడని వాళ్లని చెడగొట్టొద్దని వాళ్లమ్మ చెప్పిందట. సీన్ మొత్తం నడిపేది ఆమే, ఒక్క కన్నీటి చుక్క అక్కర్లేకుండా. 1955లో సినిమాగా వచ్చినప్పుడు మధురవాణి సావిత్రే, కానీ నువ్వు సినిమా చూడకముందు గురజాడ రాసింది చదువు, కాపీ భయం ఉండదు.

ఇద్దరు ఆడపిల్లలే చెయ్యాలంటే శుభలగ్నం (1994) ఉంది, కోటి రూపాయలకి మొగుణ్ణి ఇచ్చెయ్యమనే అమ్మాయి, ఆలోచనలో పడే పెళ్లాం, బేరం అది. చీర బేరం ఆడినంత మామూలుగా చేసి చూడండి ఇద్దరూ, ఎంత భయంగా ఉంటుందో. మాటల్లేకుండా ప్రాక్టీస్ కావాలంటే స్వీడన్ రచయిత స్ట్రిండ్‌బర్గ్ చిన్న నాటిక 'ది స్ట్రాంగర్', ఇద్దరాడవాళ్లు, ఒకామె మాత్రమే మాట్లాడుతుంది, రెండో ఆమెకి ఒక్క డైలాగ్ కూడా లేదు. మీ క్లాసులో ఎక్కువ మాట్లాడే పిల్లకి ఆ రెండోది ఇప్పించు.

యాస ఎందుకు మార్చుకోవడం? ప్రాక్టీస్ సీన్ నీ మాటలోకి తిప్పి రాసుకో, అప్పుడే కోపం నీ నోట్లోంచి వస్తుంది. అవతలివాళ్లది వేరే యాసైతే ఇంకా మంచిది, ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోవడం కూడా పేచీయే. పాత్ర ఫలానా ఊరిదని స్క్రిప్టులో ఉంటే అప్పుడు నేర్చుకోవాలి, అది ఏ యాస వాళ్లైనా నేర్చుకోవాల్సిందే.

ప్రశ్న: మేం ఇద్దరం వీకెండ్ క్లాస్ కోసం 'మ్యారేజ్ స్టోరీ' (2019) అనే ఇంగ్లీష్ సినిమాలో మొగుడూ పెళ్లాల గొడవ సీన్ తెలుగులోకి మార్చుకున్నాం. చదువుతుంటే బానే ఉంది, చేస్తుంటే డబ్బింగ్ సినిమాలా ఉంది. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మాటలు మార్చారు, ఇల్లు మార్చలేదు తమ్ముడూ. ఆ సీన్లో అద్దె ఇంట్లో ఇద్దరే ఉన్నారు కాబట్టి గోడలదిరేలా అరుచుకుంటారు. మన ఇళ్లల్లో పక్కగదిలో అత్తగారుంటారు, హాల్లో టీవీ నడుస్తుంటుంది, మొగుడూ పెళ్లాం పళ్లు బిగబట్టి గుసగుసగా పోట్లాడుకుంటారు, మధ్యలో "అమ్మాయ్, పాలు పొంగుతున్నాయి" అని కేకొస్తే మామూలు గొంతుతో "ఆఁ వస్తున్నా అత్తయ్యా" అని మళ్లీ గుసగుసలోకి దిగుతారు. ఆ కేక మీ ఫ్రెండ్ ఎవరితోనైనా తలుపవతల నుంచి వేయించండి, ఎప్పుడు వేస్తారో మాత్రం మీకు ముందు చెప్పొద్దనండి.