డాలర్ల రాబడికి పన్ను లేకపోయినా అది టర్నోవరులో కలుస్తుంది

ప్రశ్న: మాది కదిరి. బెంగళూరు మారతహళ్ళిలో అద్దె ఇంట్లో ఉంటూ కంపెనీలకు లోగోలు, వెబ్‌సైట్ డిజైన్లు చేసి ఇస్తున్నాను. ఈ ఆర్థిక సంవత్సరంలో డిసెంబరు నెలాఖరుకు హైదరాబాద్ కంపెనీలకు 8 లక్షలు, ఇక్కడి కంపెనీలకు 4 లక్షలు, అమెరికా కంపెనీకి డాలర్లలో సుమారు 9 లక్షల రూపాయల బిల్లులు ఇచ్చాను. ఎగుమతికి పన్ను లేదు కనుక నా టర్నోవరు 12 లక్షలేనని ఒక మిత్రుడు అంటున్నాడు. హైదరాబాద్ కంపెనీ ఒకటి జీఎస్టీ బిల్లు అడుగుతోంది. నాన్నగారి కిరాణా కొట్టు నాటి వ్యాట్ తప్ప మాకేమీ తెలియదు. ఏం చేయాలి?

జవాబు: మీ నాన్నగారు కట్టిన వ్యాట్ సరుకుల అమ్మకంపై రాష్ట్రం వేసిన పన్ను. మీరు చేసే పని వంటి సేవలపై కేంద్రం విడిగా సేవా పన్ను వసూలు చేసేది. 2017 జూలై 1 నుంచి ఈ రెండింటి స్థానంలో జీఎస్టీ వచ్చింది. పెట్రోలు, డీజిల్, మద్యం వంటి కొన్నింటికే వ్యాట్ మిగిలింది.

పన్ను పడని రాబడి, లెక్కకు రాని రాబడి ఒకటేనని మీ మిత్రుడు పొరబడ్డారు. సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం సెక్షన్ 2(6) ప్రకారం ఒకే పాన్ మీద దేశమంతటా చేసిన పన్ను పడే సరఫరాలు, మినహాయింపు ఉన్నవి, ఎగుమతులు అన్నీ మొత్తం టర్నోవరులో చేరతాయి. కనుక మీది 21 లక్షలు. సేవలకు జీఎస్టీ నమోదు తప్పనిసరయ్యే పరిమితి 20 లక్షలే. మీరు వినివుండే 40 లక్షల పరిమితి సరుకులు మాత్రమే అమ్మేవారిది. కదిరిలో మీ పేరిట దుకాణం గది ఏదైనా అద్దెకిచ్చి ఉంటే ఆ అద్దె కూడా ఇందులో కలుస్తుంది, అప్పుడు మీరు పరిమితిని ఇంకా ముందే దాటినట్టవుతుంది. చాలామంది మరచిపోయేది దీన్నే. అయితే పరిమితి దాటేవరకు నమోదు లేకుండా హైదరాబాద్ పనులు చేయడం తప్పు కాదు, ఎందుకంటే అంతర్రాష్ట్ర సేవలకు 2017 అక్టోబరులోనే ఆ వెసులుబాటు ఇచ్చారు.

20 లక్షలు దాటిన రోజు నుంచి 30 రోజుల్లోగా మీరు నమోదుకు దరఖాస్తు చేయాలి. గడువులోగా చేస్తే నమోదు ఆ దాటిన తేదీ నుంచే అమలవుతుంది, ఆ తేదీకీ ధ్రువపత్రం చేతికొచ్చిన తేదీకీ మధ్య ఇచ్చిన బిల్లులకు బదులు, ధ్రువపత్రం వచ్చిన నెలలోగా సవరించిన ఇన్వాయిస్‌లు ఇవ్వవచ్చు. ఆలస్యం చేస్తే నమోదు మంజూరైన తేదీ నుంచే అమలవుతుంది గాని, మధ్యకాలపు పన్ను, దానిపై వడ్డీ, జరిమానా మీ నెత్తినే ఉంటాయి. ఈలోగా కంపెనీ ఎంత ఒత్తిడి చేసినా జీఎస్టీ నంబరు లేకుండా బిల్లులో 18 శాతం కలపకండి, సెక్షన్ 32 దాన్ని నిషేధిస్తోంది.

నమోదయ్యాక బెంగళూరు కంపెనీల బిల్లులో సీజీఎస్టీ 9, ఎస్‌జీఎస్టీ (రాష్ట్ర జీఎస్టీ) 9 శాతం, హైదరాబాద్ వాటికి ఐజీఎస్టీ (రాష్ట్రం దాటిన సరఫరాపై జీఎస్టీ) 18 శాతం వేయాలి. అమెరికా బిల్లుకు పన్ను సున్నా కావాలంటే నంబరు రాగానే ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారంలో హామీపత్రం దాఖలు చేయాలి. ఎల్‌యూటీ అనేది దీన్నే. లేకపోతే ముందు ఐజీఎస్టీ కట్టి తర్వాత రిఫండు కోసం తిరగాలి. ఆ హామీపత్రం ఒక ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది గనుక ఏప్రిల్‌లో మళ్ళీ వేయాలి. డాలర్లు జమైనట్టు బ్యాంకు ఇచ్చే పత్రాన్ని ప్రతి బిల్లుకూ జతచేసి దాచుకోండి. చిన్న వ్యాపారులు టర్నోవరుపై తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పథకం (సేవలకు 6 శాతం) మీకు పనికిరాదు, రాష్ట్రం దాటి సేవలందించేవారికి అది లేదు.

నమోదు దరఖాస్తులో చిరునామాకు అద్దె ఒప్పందం, ఓనరు పేరిట ఉన్న కరెంటు బిల్లు పెట్టవచ్చు. నమోదైన వ్యక్తి ఇల్లు అద్దెకు తీసుకుంటే అద్దెపై తానే జీఎస్టీ కట్టాలన్న నియమం 2022 జూలై 18 నుంచి ఉంది, కాని సొంత హోదాలో, సొంత నివాసానికి ఇల్లు తీసుకున్న ఏకవ్యక్తి వ్యాపారికి (ప్రొప్రయిటరుకు) 2023 జనవరి 1 నుంచి మినహాయింపు ఇచ్చారు. కాబట్టి ఒప్పందం మీ సొంత పేరున, నివాసం కోసమని ఉండనివ్వండి, ఆ అద్దెను వ్యాపారం ఖాతాలో రాయకండి.