ముందు మీ అక్కతో మాట్లాడండి

ప్రశ్న: మాది కావలి దగ్గర ఊరు. చాలా ఏళ్లు పిల్లల్లేక మా అక్క రెండో కొడుకును నెలల బిడ్డగా దత్తత తీసుకున్నాం. రిజిస్టర్ కూడా చేయించాం. వాడికి మాత్రం చెప్పలేదు. ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. స్కాలర్‌షిప్ కాగితాల కోసం బీరువా వెతుకుతుంటే దత్తత పత్రం కంటబడింది. నెలరోజులుగా నాతో మాటల్లేవు, అన్నం గదిలోకి తీసుకెళ్లి తింటున్నాడు. కొన్నాళ్లు ఒంగోలు పంపించమని అక్క అంటోంది. వాడు ఇదంతా మర్చిపోయేలా చేసే డాక్టరు ఎవరైనా ఉన్నారా? అక్కవాళ్ల రాకపోకలు ఆపేయమంటారా?

జవాబు: అలాంటి డాక్టరు లేడు. ఉన్నా వెళ్లొద్దనే చెబుతాను. పదహారేళ్ల కుర్రాడు ఇన్నాళ్లూ పెద్దమ్మ అని పిలిచిన మనిషి సంతకం ఆ కాగితం మీద చూశాడు. వాడికొచ్చింది కోపం, జబ్బు కాదు. దత్తతకన్నా దాన్ని దాచిపెట్టడమే వాణ్ని ఎక్కువ కోస్తోంది. మూడు నాలుగేళ్ల వయసులో కథలా చెప్పుంటే వాడితోపాటే పెరిగేది.

మీ ఉత్తరాన్ని కుదించి ఇచ్చాను. మొత్తం చదివితే అబ్బాయి గురించి నాలుగు ముక్కలే ఉన్నాయి, మిగతాదంతా అక్కే. వాడి పుట్టినరోజుకు అక్క గొలుసు తెస్తే వెనక్కి పంపారు. పండక్కి వాడు ఒంగోలు వెళ్తానంటే జ్వరం వంక పెట్టారు. అక్క ఏదో ఒకరోజు వాణ్ని లాక్కుపోతుందని మీ భయం. అమ్మా, 1956 హిందూ దత్తత చట్టం ప్రకారం సక్రమంగా జరిగిన దత్తతను మీరు రద్దు చేయలేరు, అక్క వెనక్కి తీసుకోలేదు, వాడూ వదులుకుని పుట్టింటికి తిరిగిపోలేడు. నాలుగు రోజులు పెద్దమ్మ ఇంట్లో ఉన్నంత మాత్రాన కాగితం మారదు. బిడ్డనిచ్చిందని అక్క ముందు తల వంచాల్సిన పని లేదు, తలుపు మూయాల్సిన పనీ లేదు. రాకపోకలు ఆపితే వాడికి రెండోసారి అబద్ధం చెప్పినట్టే.

కౌన్సెలింగ్ అవసరమే. కానీ మొదటి సిట్టింగుకు అబ్బాయిని తీసుకెళ్లకండి, మీరూ మీ ఆయనా వెళ్లండి. వాడు ఎలా వచ్చాడు, ఎందుకు దాచారు, ఎలా తెలిసింది అన్నీ అడుగుతారు. పిల్లల కోసం తిరిగిన ఏళ్ల గురించీ అడుగుతారు. రొట్టెల పండగలో స్వర్ణాల చెరువు దగ్గర సంతానం రొట్టె పట్టుకున్నానని రాశారు కదా, ఆ ఏడుపు ఇంకా లోపలే ఉంది. దాన్ని అక్కడే దించుకోండి, వాడి మీద కాదు.

రెండో సిట్టింగుకు అక్కనూ బావనూ పిలవండి. వాడు అడగబోయే ప్రశ్నలకు నలుగురూ ఒకే మాట, నిజమైన మాట, సిద్ధం చేసుకోవాలి. అన్నను ఉంచుకుని నన్నే ఎందుకిచ్చారు? డబ్బు చేతులు మారిందా? ఇన్నాళ్లూ ఎవరెవరికి తెలుసు? మొదటిదానికి జవాబు అక్కే చెప్పాలి, మీరు అందుకోకండి. చివరిదానికి పేర్లతో సహా చెప్పండి. వీధంతా తెలిసి తనకొక్కడికే తెలియదన్నది వాడికి పెద్ద అవమానం. ‘నీకేం తక్కువ చేశాం’ అన్న మాట మాత్రం ఎవరి నోటా రాకూడదు. అది వింటే కృతజ్ఞత అడుగుతున్నారని పిల్లలు అక్కడే మూసుకుపోతారు.

ఆ తర్వాతే వాడు, అదీ ఒంటరిగా, ముప్పావుగంటో గంటో. వాడక్కడ చెప్పింది మీకు చెప్పరు, ప్రాణానికి ముప్పున్న మాటయితే తప్ప. బయటికి రాగానే ‘ఏం చెప్పావురా’ అని అడిగితే మరుసటి వారం రాడు. మంచి కౌన్సెలర్ వాడిచేత మొదటి నుంచీ తన కథ తానే రాయిస్తారు, పాత ఫోటోలు అంటింపిస్తారు, పంపనక్కర్లేని ఉత్తరాలు రాయిస్తారు. మొదటి రెండు మూడు వారాలు కోపం పెరగొచ్చు. పనిచేయట్లేదని అక్కడ మానేసేవాళ్లే ఎక్కువ. ఎవరిని పిలవాలన్నది వాడే తేల్చుకుంటాడు, అక్కను అమ్మా అనమనీ వద్దనీ చెప్పకండి.

క్లినికల్ సైకాలజిస్టయితే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. దత్తత పిల్లలతో పనిచేశారా అని కూడా. మొదటి రోజే ‘పెంచినవాళ్లే దేవుళ్లు బాబూ’ అని క్లాసు పీకే మనిషైతే లేచి వచ్చేయండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. నిద్ర పూర్తిగా పోయినా, చచ్చిపోతానన్నా, చేతి మీద కోతలు కనిపించినా వారం ఆగకండి, ఆ రోజే పెద్దాసుపత్రిలో సైకియాట్రిస్టుకు చూపించండి.

ఇదంతా ఆడవాళ్ల గొడవని మీ ఆయన తప్పుకుంటున్నారట. ఆ పత్రం మీద ఆయన సంతకమూ ఉంది. మొదటి సిట్టింగుకు ఆయనకు తీరిక లేకపోతే ఒంటరిగా వెళ్లకండి, తేదీ మార్పించి ఆయన్ని తీసుకునే వెళ్లండి.