తామర తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎందుకు వస్తోంది?

ప్రశ్న: నాకు 35 ఏళ్లు. ఖమ్మం జిల్లాలో ఆటో నడుపుతాను. ఏడాదిన్నరగా గజ్జల్లో, నడుము చుట్టూ తామర ఉంది. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజుల్లో దురద పోతుంది. మానేసిన వారానికే మళ్లీ మొదలవుతుంది. ఇప్పుడు తొడల మీదికీ పాకింది. మధ్యలో ఒక డాక్టరు గారు రెండు వారాలు టెర్బినఫిన్ మాత్రలు ఇచ్చారు, తగ్గలేదు. నా భార్యకు కూడా పొట్ట మీద వచ్చింది. ఆమెకు ఇప్పుడు ఐదో నెల. ఆరేళ్ల మా పాపకు తలలో ఒకచోట జుట్టు ఊడి పొట్టు రాలుతోంది. రక్తం చెడిందని, వంకాయ, చేపలు మానేయాలని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. ఇది ముదిరితే బ్లాక్ ఫంగస్ అవుతుందేమోనని భయంగా ఉంది. సలహా ఇవ్వగలరు.

జవాబు: మీ రక్తం చెడలేదు. వంకాయ, చేపలు మానాల్సిన పనీ లేదు. తామర ఫంగస్‌కు కావలసిన తిండి మీ కంచంలో లేదు, మీ చర్మం పైపొరలో ఉంది. అది కెరటిన్ అనే గట్టి ప్రోటీన్‌ను తిని బతుకుతుంది. చర్మం పైపొరలోనూ, వెంట్రుకల్లోనూ, గోళ్లలోనూ ఉండేది కెరటినే కాబట్టి ఈ మూడు చోట్లే అది తిష్ఠ వేస్తుంది. మీరు రాసినదంతా చదివాక నన్ను ఎక్కువ కలవరపెట్టింది తామర కాదు, ఆ ట్యూబు. ముందు దాన్ని ఆపండి. ఎందుకు ఆపమంటున్నానో తెలియాలంటే ఫంగస్ ఎలా పెరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. అది అర్థమైతే మిగతా జాగ్రత్తలు ఒకరు గుర్తు చేయాల్సిన అవసరం ఉండదు.

ఫంగస్ మొక్క కాదు, బ్యాక్టీరియా అంతకన్నా కాదు. నిల్వ రొట్టె మీద పట్టే బూజు, తొలకరికి లేచే పుట్టగొడుగు, రొట్టె పిండిని పొంగించే ఈస్టు అన్నీ ఈ కుటుంబమే. ఇప్పటిదాకా లక్షన్నరకు పైగా ఫంగస్ జాతులకు శాస్త్రవేత్తలు పేర్లు పెట్టారు. వాటిలో మనిషికి జబ్బు తెచ్చేవి కొన్ని వందలే. మన ఒంటి లోపలి 37 డిగ్రీల వేడిని చాలా ఫంగస్‌లు తట్టుకోలేకపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం. చర్మం పైభాగం అంతకన్నా చల్లగా ఉంటుంది. తామర ఫంగస్‌కు ఆ గోరువెచ్చదనం సరిపోతుంది, దానికి చెమట తోడైతే ఇక చెప్పక్కర్లేదు. ఎండలో రోజంతా ఆటో సీటు మీద, బిగుతు జీన్స్‌లో కూర్చునే మనిషి గజ్జల్లో ఆ వెచ్చదనం, ఆ తడి పొద్దస్తమానం ఉంటాయి.

మైక్రోస్కోపులో చూస్తే తామర ఫంగస్ సన్నని పోగుల అల్లికలా కనిపిస్తుంది. ఈ పోగు పెరిగేది కొసలోనే. దానికి నోరూ లేదు, పొట్టా లేదు. కొస దగ్గర ఎంజైములను బయటికి వదిలి, ఎదురుగా ఉన్న కెరటిన్‌ను బయటే కరిగించి, కరిగినదాన్ని లోపలికి పీల్చుకుంటుంది. ఆ బలంతో కొస ఇంకాస్త ముందుకు జరుగుతుంది, పక్కలకు కొమ్మలు వేస్తుంది. అలా నాలుగు వైపులా ఒకే తీరున పాకడం వల్లే తామర మచ్చ గుండ్రంగా ఉంటుంది. ఎండుగడ్డికి నిప్పంటుకున్నప్పుడు అంచు మండుతూ ముందుకు పోయి నడుమ ఆరిపోయినట్టే ఇక్కడా జరుగుతుంది. ఒంటి రోగనిరోధక శక్తి వచ్చి పడడంతో నడుమ భాగం తేటపడుతుంది. ఎర్రగా, ఉబ్బుగా, పొట్టుతో ఉండే అంచులోనే ఫంగస్ చురుగ్గా ఉంటుంది. అయితే మందు రాసేవాళ్లలో చాలామంది నడుమ రాసి అంచును వదిలేస్తారు.

ఇప్పుడు ట్యూబు సంగతి. దాని మీద పేర్లు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మోమెటసోన్, ఫ్లుసినోలోన్ వంటి మాట ఏదైనా కనిపిస్తే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. మన మార్కెట్లో ఒకే ట్యూబులో స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపినవి దొరుకుతాయి. దురద, ఎర్రదనం ఫంగస్ నేరుగా చేసే పనులు కావు. ఫంగస్‌ను తరిమేందుకు మీ ఒళ్లు చేసే పోరాటం అలా బయటికి కనిపిస్తుంది. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. దురద పోయింది కదా, జబ్బు తగ్గిందని మీరు అనుకుంటారు. అడ్డుకునేవాళ్లు లేక పోగులు మరింత గుబురుగా పెరుగుతాయి, వెంట్రుకల కుదుళ్లలోకీ దిగుతాయి. ట్యూబు మానగానే ఒళ్లు మేల్కొంటుంది, పాత చోటే కాక కొత్త చోట్ల కూడా మంట పుడుతుంది. మీకు ఏడాదిన్నరగా జరుగుతున్నది ఇదే. పైగా గజ్జల్లో చర్మం పలచబడి తెల్లని, ఎర్రని గీతలు పడతాయి. ఆ గీతలు తర్వాత పూర్తిగా పోవు. ఇప్పటికే పడ్డాయేమో వెలుతురులో చూసుకోండి.

స్టెరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకుండా ఉండేందుకు కేంద్రం 2018లో 14 రకాలను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా అడిగినవాళ్లకల్లా కౌంటరు మీద ఇచ్చేస్తూనే ఉన్నారు. చర్మవైద్యులుగా మాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. మా దగ్గరికి వచ్చే మొండి తామర కేసుల్లో చాలామంది ఈ ట్యూబు వాడి వచ్చినవాళ్లే.

రెండు వారాల మాత్రలకు తగ్గలేదన్నారు. మొదటి కారణం, ఇప్పటి తామరకు రెండు వారాలు సరిపోవు. రెండో కారణం ఫంగస్‌లోనే ఉంది. ఫంగస్‌లు జీవపరిణామంలో మొక్కల కన్నా జంతువులకు, అంటే మనకు, దగ్గరి చుట్టాలు. వాటి కణాలు చాలావరకు మన కణాల్లాంటివే. మనకు హాని లేకుండా వాటిని మాత్రమే చంపే మందులు తక్కువగా ఉండడానికి కారణం ఇదే. మన కణపు పొరలో కొలెస్ట్రాల్ ఉంటే వాటి పొరలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది. మందులు ఎక్కువగా ఆ ఒక్క తేడా మీదే దెబ్బ కొడతాయి. టెర్బినఫిన్ ఎర్గోస్టెరాల్ తయారీలో ముందరి మెట్టు దగ్గర, ఇట్రాకొనజోల్ ఆ తర్వాతి మెట్టు దగ్గర అడ్డుపడతాయి. టెర్బినఫిన్ అతుక్కునే ఎంజైము జన్యువులో చిన్న మార్పు వచ్చినా ఆ మందు పట్టు జారిపోతుంది. అలాంటి మార్పులున్న తామర ఫంగస్ మన దేశంలో విస్తరించింది. జపాన్ పరిశోధకులు 2020లో దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినీ అని పేరు పెట్టారు. న్యూయార్క్‌లో ఇద్దరు మహిళల్లో ఇది కనిపించిందని అమెరికా వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ 2023లో ప్రకటించింది. వారిలో ఒకరు ఆ మధ్య విదేశాలకు వెళ్లినవారే కాదు. కాబట్టి మందు పనిచేయకపోవడం మీ ఒంటి లోపం కాకపోవచ్చు.

మీరు చర్మవ్యాధుల డాక్టరును కలవండి. ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లోనూ చర్మ విభాగం ఉంటుంది. అంచు దగ్గర పొట్టును గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. కెరటిన్ కరిగిపోయి పోగులు బయటపడతాయి. ఖర్చు తక్కువ, ఫలితం వెంటనే తెలుస్తుంది. అక్కడికి వెళ్లేలోపు ఫంగస్ మందులేవీ రాయకండి, పరీక్షలో దొరక్కుండా పోవచ్చు. మాత్రలు అవసరమని తేలితే మీకు బహుశా ఇట్రాకొనజోల్ రాస్తారు, ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడాల్సి రావచ్చు. ఆ క్యాప్సూల్‌ను కడుపునిండా తిన్న వెంటనే వేసుకోవాలి. గ్యాస్ మాత్రలు వేసుకుంటే అది ఒంటికి సరిగా పట్టదు. గుండె బలహీనత ఉన్నా, కొలెస్ట్రాల్‌కు సిమ్వాస్టాటిన్ వంటి మాత్రలు వాడుతున్నా డాక్టరుకు ముందే చెప్పండి. కాలేయం, షుగర్ పరీక్షలు చేయించుకోండి. పూత మందు స్టెరాయిడ్ లేనిదే రాయాలి. అంచు దాటి రెండు వేళ్ల వెడల్పు మేర, రోజుకు రెండుసార్లు, మచ్చ పూర్తిగా పోయాక కూడా మరో రెండు వారాలు రాయాలి. కంటికి కనపడని కొసలు అంచు బయట ఉంటాయి కాబట్టే ఇదంతా.

ట్యూబు ఆపిన మొదటి వారం పది రోజులు దురద పెరుగుతుంది. ఈ దశలోనే చాలామంది ఓర్చుకోలేక పాత ట్యూబుకు తిరిగి వెళ్తారు. దయచేసి ఆ పని చేయకండి. దురద తగ్గే మాత్రలు ఉన్నాయి, డాక్టరును అడగండి. సెట్రిజిన్ వంటివి నిద్రమత్తు తెస్తాయి, మీరు ఆటో నడుపుతారు కాబట్టి రాత్రి పడుకోబోయే ముందే వేసుకోండి. నిమ్మకాయ రుద్దడం, వెల్లుల్లి నూరి కట్టడం వద్దు. అలా కట్టిన చోట చర్మం కాలి పుండ్లు పడ్డవాళ్లను చూస్తుంటాం.

మందు ఎంత మంచిదైనా ఇల్లు మారకపోతే తామర పోదు. పోగులు పాతబడ్డాక ముక్కలుగా విడిపోయి, ఒక్కో ముక్క చుట్టూ మందమైన గోడ కట్టుకుని బీజంగా మారుతుంది. చర్మం నుంచి రాలే పొట్టులో ఈ బీజాలు లక్షల్లో ఉంటాయి. తువ్వాలులో, దుప్పటిలో, లోదుస్తుల కుట్టు మడతల్లో తిండి లేకున్నా నెలల తరబడి బతికే ఉంటాయి. చెమట పట్టిన చర్మం తగిలితే కొన్ని గంటల్లో అతుక్కుని మొలకెత్తుతాయి. మీ నుంచి మీ భార్యకు పాకింది బహుశా ఇలాగే. ఎవరి తువ్వాలు వారికే ఉండాలి. మీ బట్టలు విడిగా, బాగా వేడి నీళ్లలో నానబెట్టి ఉతకండి, తిరగేసి ఎండలో ఆరేయండి. వానాకాలంలో సరిగా ఆరకపోతే ఇస్త్రీ చేసి, కుట్ల దగ్గర పెట్టెను ఒక్క క్షణం ఎక్కువ ఉంచండి. జీన్స్ పక్కన పెట్టి వదులు నూలు బట్టలు కట్టుకోండి. స్నానం తర్వాత గజ్జలు పూర్తిగా ఆరాకే బట్టలు వేసుకోండి.

మొలతాడు గురించి విడిగా చెప్పాలి. నడుము చుట్టూ వచ్చిందన్నారు కాబట్టి అడుగుతున్నాను, మీకు నూలు మొలతాడు ఉందా? అది రోజంతా చెమటకు తడుస్తుంది, ఎప్పుడూ పూర్తిగా ఆరదు, ఏళ్ల తరబడి మార్చరు. బీజాలకు అంతకన్నా అనువైన చోటు లేదు. చేతికి కట్టిన ఎర్రదారం, తాయెత్తు దారం కూడా అంతే. చికిత్స అయ్యేదాకా తీసేయండి. మొక్కు వల్లనో, ఆచారం వల్లనో తీయలేమనుకుంటే పాతది తీసేసి కొత్తది కట్టుకుని తరచూ మారుస్తుండండి, లేదా వెండిది పెట్టుకుని రోజూ సబ్బుతో కడగండి.

పాప విషయం వేరు. తలలో వచ్చినప్పుడు ఫంగస్ వెంట్రుక లోపలికి దూరుతుంది, వెంట్రుక పెళుసెక్కి మొదట్లోనే విరిగిపోతుంది. పైన రాసే మందు అంత లోతుకు అందదు, నోటి మందు తప్పదు. చాలా ఏళ్లుగా పిల్లలకు ఇస్తున్నది గ్రిసియోఫుల్విన్. ఈ మందు పుట్టింది కూడా ఫంగస్ నుంచే. నేలలో తిండి కోసం ఫంగస్‌లు ఒకదానితో ఒకటి పోటీ పడతాయి, పక్కదాన్ని ఎదగనీయకుండా రసాయనాలు వదులుతాయి. పెనిసిలియం జాతి బూజులో అలాంటి పదార్థాన్ని 1939లో కనిపెట్టారు. ఇరవై ఏళ్ల తర్వాత అది తామరకు మొదటి నోటి మందు అయింది. నెయ్యి, పాలు వంటి కొవ్వున్న తిండితో ఇస్తే బాగా ఒంటబడుతుంది. పాప బరువును బట్టి మోతాదు డాక్టరే చెప్పాలి, ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. గుండు చేయించనక్కర్లేదు. దువ్వెన మాత్రం వేరుగా ఉంచండి. ఇంట్లో పిల్లి, కుక్కపిల్ల ఉంటే వాటి బొచ్చులో ఎక్కడైనా పొట్టు రాలుతోందేమో చూడండి, పిల్లల తలకు అక్కడి నుంచీ వస్తుంది. తలలో ఉబ్బి, చీము కారి, నొప్పిగా ఉంటే ఆలస్యం చేయకండి, కుదుళ్లు దెబ్బతిని అక్కడ జుట్టు మళ్లీ మొలవకపోవచ్చు.

బ్లాక్ ఫంగస్ భయం వదిలేయండి. 2021లో కొవిడ్ వెంట వచ్చినది మ్యూకరేల్స్ అనే వేరే వర్గానికి చెందిన ఫంగస్. దాని బీజాలు గాలితో ముక్కులోకి వెళ్తాయి, అక్కడి నుంచి అది రక్తనాళాల్లోకి చొచ్చుకుపోతుంది. తామర ఎంత ముదిరినా అదిగా మారదు. రెంటికీ కలిసే సంగతి ఒకటుంది. షుగర్ అదుపు తప్పి, స్టెరాయిడ్లు విచ్చలవిడిగా వాడినప్పుడే బ్లాక్ ఫంగస్ ఎక్కువగా విరుచుకుపడింది. మీకు షుగర్ పరీక్ష చేయించుకోమన్నది అందుకు కూడా.

ఇక మీ భార్య. ఇట్రాకొనజోల్, గ్రిసియోఫుల్విన్, టెర్బినఫిన్ మాత్రలు వేటినీ ఆమెకు గర్భంతో ఉండగా ఇవ్వకూడదు. మీ మాత్రలు పొరపాటున కూడా ఆమె వేసుకోకుండా చూడండి, మీ పాత ట్యూబు అసలే వద్దు. క్లోట్రిమజోల్ వంటి పూత మందు గర్భిణులకు ఇస్తుంటాం, కాన్పు డాక్టరుకు చూపించి, ఆమె సలహాతో మొదలుపెట్టించండి. న్యూయార్క్‌లో కనిపించిన ఆ ఇద్దరిలో ఒకరికీ గర్భంతో ఉండగానే ఒళ్లంతా పాకింది. ప్రసవం అయ్యాకే మాత్రలు ఇచ్చారు. టెర్బినఫిన్ పని చేయలేదు, ఇట్రాకొనజోల్ నాలుగు వారాలు వాడితే తగ్గింది. ప్రసవం తర్వాత మీ భార్యకు మాత్రలు అవసరమైతే పాలిస్తున్న సంగతి డాక్టరుకు చెప్పాలి. కాన్పుకు ఇంకా నాలుగు నెలలుంది. మీకూ పాపకూ చికిత్స రెండు నెలలు పడుతుందనుకున్నా, ఈ వారమే మొదలుపెడితే బిడ్డ వచ్చేలోపు మీరిద్దరూ పూర్తి చేసుకోవచ్చు. బిడ్డ కోసం దాచిన పాత చీరలు, పక్కబట్టలు ఉంటే వాటిని కూడా ఇప్పుడే వేడి నీళ్లలో ఉతికి ఎండబెట్టి పెట్టండి.