అమెరికా వచ్చేముందు లేయర్ కట్ చేపిచ్చుకోవాల్నా?

చెల్లె, ఫ్లైట్ దగ్గరపడ్డదని హన్మకొండ చౌరస్తా దిక్కు పార్లర్‌కు ఉరికి పొడుగు లేయర్లు (మీది పాయలు పొట్టిగ, కిందియి పొడుగ్గ మెట్లు మెట్లుగ కత్తిరించుడు) కొట్టిచ్చుకుంటా అంటున్నవ్ కదా, జర ఆగు. కొసలు సమానంగ ట్రిమ్ చేపిచ్చుకో చాలు. ఎందుకంటే ఈడికొచ్చినంక జుట్టు తీరే మారుతది. సియాటిల్‌ల నీళ్ళు మెత్తగుంటయ్, ఫీనిక్స్, శాన్ ఆంటోనియోలల అయితే మన బోరునీళ్ళ లెక్క మస్తు హార్డ్ (సున్నం ఎక్కువ), ఇగ చలి ఉన్న ఊర్లళ్ళ హీటర్ గాలికి ఇంట్ల తేమే ఉండదు. ఒక రెండు నెలలు చూసి అప్పుడు కట్ చేపిచ్చుకో.

ఇంకోటి, మనోళ్ళల చానామందికి తమది వేవీ హెయిర్ అనే తెల్వదు, చిన్నప్పటిసంది నూనె రాసి గట్టిగ జడేసుడు, ఎండినంక దువ్వుడు, ఉబ్బితే నా జుట్టు పిచ్చిదని తిట్టుకునుడు. ఒకసారి తలస్నానం చేసి కండిషనర్ పెట్టి కడిగి, టవల్‌తోని రుద్దకుండ, దువ్వకుండ అట్లనే ఆరనియ్యి. పాయలు ఎస్ ఆకారంల ఒంపు తిరిగితే నీది వేవీనే.

కట్ సంగతికొస్తే, అన్నిట్లకెల్ల పొట్టి లేయర్ కాలర్‌బోన్ (మెడ కింద అడ్డంగుండే ఎముక) కింద ఉండాలె. గదవ దగ్గరికి కత్తిరిస్తే జడ అల్లినప్పుడు పాయలన్నీ బయటికొస్తయ్, ఈడ కూడా బతుకమ్మకు అందరం జడలేసుకొని పూలు పెట్టుకొనే వస్తం మరి. వేవీ జుట్టు తడిగున్నప్పుడు సాగి పొడుగ్గ కనిపిస్తది, ఆరినంక పైకి లేస్తది, అందుకే ఆరినంకనే కత్తిరించుమను, లేకపోతే ఒక ఇంచు ఎక్కువ ఉంచుమను. రేజర్ మాత్రం పెట్టనియ్యకు, కొసలు చీలి ఇంకింత ఉబ్బుతది. జుట్టు పల్చగుంటే రెండు లేయర్లు చాలు, ఎక్కువైతే కింద ఎలుక తోకే మిగులుతది. ఫొటో సూపెట్టు, కాని నీ అసొంటి జుట్టున్న మనిషిది, వెనక నుంచి తీసింది (ఆన్‌లైన్ల కనిపించే ఒంపులల్ల సగం కర్లింగ్ ఐరన్‌తోని చేసినయే). జుట్టు నెలకు అర ఇంచే పెరుగుతది, నాలుగు ఇంచులు ఎక్కువ పోయినయంటే ఎనిమిది నెలలు ఆగాలె.

మంచి సెలూన్ల పైసలు బాగనే అయితయ్, మీదికెల్లి 15 నుంచి 20 శాతం టిప్. చేతిల డాలర్లు తక్కువున్నప్పుడు కాస్మెటాలజీ స్కూల్‌కు (పార్లర్ పని నేర్పే బడి) పోవచ్చు, నేర్చుకునేటోళ్ళు కత్తిరిస్తరు, టీచర్ దగ్గరుండి చూస్తుంటది, కాకపోతే టైమ్ ఎక్కువ పడ్తది.

ఇంట్ల చేసేది చెప్తా. తలకు కండిషనర్ ఉన్నప్పుడే పెద్ద పండ్ల దువ్వెనతోని చిక్కు తియ్యి, అంతే, తర్వాత దువ్వెన ముట్టకు. తల ముందుకు వంచి పాత కాటన్ టీషర్ట్‌తోని కింది నుంచి మీదికి పిండుతా నీళ్ళు ఒత్తెయ్, ఆ తడి మీదనే కొంచెం మూస్ (జుట్టుకు రాసే నురగ) రాసి పాయలను పిడికిట్ల పట్టుకొని నలిపినట్టు చెయ్యి, డ్రయర్‌కు డిఫ్యూజర్ (గాలిని చెదరగొట్టే గిన్నె అసొంటి మూతి) పెట్టి తక్కువ వేడిల ఆరబెట్టు. నీళ్ళు హార్డ్ అయితే నెలకొకసారి చీలేటింగ్ షాంపూ (జుట్టుకు పట్టిన సున్నం తీసేది) పెట్టు, మూడు నెలలకోసారి కొసలు ట్రిమ్. నూనె స్నానానికి ముందే, తర్వాత కాదు. కొబ్బరినూనె 24 డిగ్రీల కిందికి పోతే గడ్డకడ్తది, సీసాను వేడినీళ్ళల్ల పెట్టుకో.

హెయిర్ డ్రయర్ అక్కడికెల్లి మోసుకురాకు. మనది 230 వోల్టులది, ఈడ 120, వేడి ఇంచుమించు నాలుగోవంతే వస్తది. ఈడిది ఇండియాకు తీస్కపోయి ప్లగ్గుల పెడితే కాలిపోతది.

ఆఖరికి గోరింట. అమ్మ సూట్‌కేస్‌ల నల్ల మెహందీ ప్యాకెట్లు పెడ్తది, రాసుకున్నవంటే సెలూన్ల హైలైట్స్‌కు (కొన్ని పాయలకు బ్లీచ్ పెట్టి రంగు తేల్చుడు) కూసునే ముందే చెప్పు, కొన్నిట్ల లోహపు ఉప్పులుంటయ్, బ్లీచ్ తగిలితే వేడెక్కి జుట్టు తెగిపోతది. సెలూనోళ్ళు హైలైట్స్ వద్దంటే లేయర్ల వరకే చేపిచ్చుకొని ఇంటికి పో.